పులిగోరు పాత సంచిక

మండలాఫీసు నుంచి వచ్చిన అధికారి ఆడవాళ్ళను వరసగా లేపి ఒకటే ప్రశ్న అడుగుతున్నాడు. చదువు వచ్చింది కదా, ఇప్పుడు ఏం చదవాలని ఉంది అని. అక్షరాస్యత కేంద్రం పెట్టి ఏడాది నిండిందని పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. ఒకామె బస్సు బోర్డు అంది. ఇంకొకామె రేషన్ కార్డు అంది. కూలి పనులకు మనుషుల్ని కూడగట్టే ముత్తక్క, "కూలి లెక్కల్ల మా పేర్లు సక్కగ రాస్తున్నరా లేదా సూసుకుంట సారూ" అనేసరికి అందరూ నవ్వారు. ఆ తర్వాత సుబ్బరత్నం లేచింది.

"పులిగోరు సదవాలె" అంది.

అధికారి కుర్రవాడు. కొత్తగా ఉద్యోగంలో చేరాడు. "అదేంటమ్మా, పుస్తకమా?" అన్నాడు.

"నెలనెలా వచ్చేది. ఎప్పుడో బందయింది. దాంట్ల నా గురించి రాసిండ్రు. అప్పుడు నాకు సదువు రాదు. ఇప్పుడొచ్చింది."

షామియానా కింద నవ్వులు ఆగిపోయాయి. ముందు వరస కుర్చీలో కూర్చున్న ఆమె బావ వెంకటరామారావు కండువా దులుపుకుని లేచి బయటికి నడిచాడు. అధికారికి మాత్రం సంగతి తెలియదు. పత్రికలో పేరు రావడమంటే మాటలా అని మెచ్చుకుని, అందరిచేతా చప్పట్లు కొట్టించాడు.

చప్పట్లు కొట్టినవాళ్ళలో పెద్దవాళ్ళందరికీ సంగతి తెలుసు. కల్లూరుకు దగ్గర్లోని ఆ ఊళ్ళోనే పదిహేనేళ్ళ కిందట సుబ్బరత్నం భర్త వెంకటనారాయణ పత్తికి పురుగుమందు కొడుతూ చనిపోయాడు. పొద్దుటినుంచీ ఎదురుగాలిలో ఎండ్రిన్ కొట్టాడు. వీపుమీది పంపు కారుతోందని జీతగాడు చెప్పినా వినలేదు. చొక్కా తడిసింది, నడుం తడిసింది. మధ్యాహ్నం భార్య తెచ్చిన అన్నం తినలేక, గ్లాసెడు మజ్జిగ మాత్రం తాగి గట్టుమీదే కూలిపోయాడు.

మజ్జిగలో ఏదో కలిపిందన్న మాట శవం ఇంటికి రాకముందే ఊరంతా తిరిగింది. ఆ మాట ముందుగా అన్నది పోయినవాడి అన్న వెంకటరామారావే. పోలీసులు సుబ్బరత్నాన్ని తీసుకెళ్ళారు. కేసు నడిచింది. మందు ఒంట్లోకి చర్మం గుండా పోయిందని డాక్టరు కోర్టులో చెప్పాడు. జడ్జి ఆమెను వదిలేశాడు. ఆమె తిరిగి వచ్చి భర్త వాటా పొలంలోనే పాక వేసుకుంది. బావ పొమ్మన్నా పోలేదు.

పులిగోరు వచ్చింది ఆ తర్వాతే. నేరాలు, ఘోరాలు, జరిగిన కథలు అంటూ నెలకోసారి వచ్చే పత్రిక. ముఖచిత్రం మీద ఎప్పుడూ ఒక కత్తి గానీ ఒక ఆడది గానీ ఉండేది. మంగలి షాపుల్లో, హోటళ్ళలో, బస్టాండుల్లో అందరి చేతుల్లోనూ అదే. అందులో 'ఎండ్రిన్ రత్నం' అని పెద్ద అక్షరాలతో కథ పడింది. పెళ్ళి ఫోటోలోంచి కత్తిరించిన ఆమె బొమ్మ కూడా వేశారు. బస్సు ఆగేచోట ఉన్న హోటలు బెంచీమీద కూర్చుని వెంకటరామారావు దాన్ని పైకి చదివాడు. గడ్డిమోపుతో ఆ దారినే వస్తున్న సుబ్బరత్నానికి నాలుగు ముక్కలు చెవిన పడ్డాయి. ఆమె ఆగగానే అతను చదవడం ఆపాడు. ఆమె నడవగానే మళ్ళీ మొదలుపెట్టాడు.

అప్పటినుంచి ఊళ్ళో ఆమె పేరు ఎండ్రిన్ రత్నం. ఆమె ఇంట మజ్జిగ ఎవరూ తాగరు, ముత్తక్క తప్ప. పత్రిక మూతపడింది, సంచికలు పకోడీ పొట్లాలకు పోయాయి, పేరు మాత్రం నిలిచిపోయింది. పులిగోరు ఎప్పుడూ చూడని పిల్లలు కూడా ఆమెను అలాగే పిలిచేవాళ్ళు.

ఆ సాయంత్రం షామియానా విప్పుతుంటే తాహెరా ఆమె పక్కన వచ్చి కూర్చుంది. తాహెరా టైలర్ బషీర్ భార్య. ఏడో తరగతి దాకా చదువుకుంది. మధ్యాహ్నం పూట తన ఇంటి అరుగుమీద ఊరి ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పింది ఆమే.

"ఎందుకక్కా గిప్పుడు గది? మర్శిపోరాదు" అంది తాహెరా.

"నేను మర్శిపోతే ఊరు మర్శిపోతదా?"

"సదివితే ఏమొస్తది? బాధే గద."

"తాహెరా, దాంట్ల ఏం రాసిండ్రో ఊరందరికీ తెల్సు. నాకొక్కదానికే తెల్వదు. ఒకడు ఒకటి జెప్తడు, ఇంకొకడు ఇంకోటి జెప్తడు. నన్ను తిట్టిన తిట్టు ఏందో కూడ నేను ఒకరి నోట ఇనుడేంది? నా కండ్లతోని నేనే సూడాలె."

వెతకడం మొదలైంది. ఊళ్ళో ఎవరిని అడిగినా, మా ఇంట్లో అటువంటివి ఎప్పుడూ లేవన్నారు. ఒకప్పుడు దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నవాళ్ళే ఆ మాట అన్నారు. కల్లూరు మంగలి షాపులో పాత పుస్తకాలన్నీ సినిమావే. పాత పేపర్లు కొనే కొట్లో రెండు రోజులు కట్టలు విప్పి చూసింది. చేతులు నల్లబడ్డాయి తప్ప పులిగోరు ముక్క దొరకలేదు. ఖమ్మం బస్టాండులో పుస్తకాల షాపతను, "పులిగోరా? గదెప్పటి మాటమ్మా! గా పేరు ఇని పదేండ్లయింది" అని నవ్వాడు. ఒకప్పుడు ఆ షాపు ముందు దానికోసం జనం తోసుకునేవాళ్ళని కూడా అతనే చెప్పాడు.

వెంకటరామారావు చెవిన ఇదంతా పడుతూనే ఉంది. ఒకరోజు పొలం గట్టుమీద ఎదురయ్యాడు.

"ఎందుకు సుబ్బరత్నం, పాతవన్నీ తవ్వుతవు? మన ఇంటి పరువు మళ్ళ బజార్ల పెడ్తవా?"

"నా పరువు హోటల్ బెంచీ మీద సదివినప్పుడు గది మన ఇంటిది గాదా బావా?"

అతను మీసం నిమురుకున్నాడు. "ఆడదానివి, ఊర్లు పట్టుకొని తిరుగుతున్నవ్. మంచిగుండదు."

"మంచిగ లేకనే తిరుగుతున్న" అని ఆమె పంపు భుజానికెత్తుకుంది. ఆ పొలానికి మందు ఇప్పుడు ఆమే కొడుతుంది. గాలి చూసుకుని, ఒళ్ళంతా కప్పుకుని కొడుతుంది.

చలికాలం వచ్చాక తాహెరాకు తన మేనమామ గుర్తొచ్చాడు. షుకూర్ మామూకు కొత్తగూడెంలో కిరాయి పుస్తకాల షాపు ఉంది. బొగ్గుగనుల క్వార్టర్లన్నిటికీ నవలలు, వారపత్రికలు ఆయన దగ్గరినుంచే వెళ్ళేవి. టీవీలు వచ్చాక వ్యాపారం పడిపోయినా ఆయన ఒక్క పుస్తకం కూడా అమ్ముకోలేదు. ఇద్దరూ బస్సెక్కి వెళ్ళారు.

షాపు చిన్న గది. కింది నుంచి పైకప్పు దాకా పుస్తకాలు. పులిగోరు పేరు వినగానే షుకూర్ ముఖం వెలిగిపోయింది.

"అరె, ఏం యాద్ జేసినవ్ బేటీ! ఈడి భద్రాచలం రోడ్ స్టేషన్‌ల పార్శిల్ దిగేది. కట్ట ఇప్పకముందే షిఫ్ట్ దిగినోళ్ళు వొచ్చి నిలబడేటోళ్ళు. ఏ నెలది గావాలె?"

"ఎండ్రిన్ రత్నం ఉన్నది" అంది సుబ్బరత్నం.

"అదా! దొరకదమ్మా. నాలుగుసార్లు తెప్పిచ్చిన. తీస్కపోయినోడు ఒక్కడూ వాపస్ ఇయ్యలే. ఏం కథ అది! ఆమె నవ్వుకుంట మజ్జిగ కలుపుతది సూడు..."

"మామూ!" అంది తాహెరా.

"చెప్పనియ్యి" అంది సుబ్బరత్నం. "అంత బాగుందా?"

"చదివినోడు మర్శిపోడు. ఇంతకీ నీకెందుకమ్మా?"

"గామె నేనే."

షుకూర్ నోట్లో పాన్ నమలడం ఆగిపోయింది. లేచి, స్టూలు తుడిచి ఆమె ముందు పెట్టాడు. ఆమె కూర్చోలేదు. మూడు చిరిగిన పులిగోరు సంచికలు కిందికి తీశాడు. ఆ మూడింటిలో ఏదీ ఆమెది కాదు.

"రాసినాయన దగ్గర ఉండొచ్చు" అన్నాడు చివరికి. "కాలకూట్ అని పేరు పెట్టుకునేటోడు. అసలు పేరు చెంచురామయ్య. కోస్తా నుంచి వొచ్చి భద్రాచలంల టైప్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిండు. అప్పుడప్పుడు ఈడికి వొచ్చి తన కథ ఎవరు సదువుతున్నరో దూరం నుంచి సూసుకునేటోడు. ఇప్పుడు ఎవలూ అడిగేటోళ్ళు లేరు."

తాహెరా ఇంటికి పోదామంది. సుబ్బరత్నం అప్పటికే భద్రాచలం బస్సు ఎక్కడ ఆగుతుందో అడుగుతోంది. బస్సు పాల్వంచ దాటి, అడవి దాటి, గోదావరి వంతెన ఎక్కేదాకా ఆమె దారిలో కనబడిన బోర్డులన్నీ పెదవులు కదుపుతూ చదువుకుంది.

చెంచురామయ్య ఇల్లు దొరకడం కష్టం కాలేదు. గోడమీద 'టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్పబడును' అని సగం చెరిగిన అక్షరాలున్నాయి. ముందు గదిలో గుడ్డలు కప్పిన టైపు మిషన్లు. బక్కపలచని ముసలాయన కళ్ళద్దాలు సవరించుకుంటూ వచ్చాడు.

"పులిగోరుల రాసిన కాలకూట్ మీరేనా?" అంది సుబ్బరత్నం.

ఆయన ఒక్క క్షణం నమ్మలేకపోయాడు. తర్వాత ఆ ముఖంలో వచ్చిన సంతోషం చూసి తాహెరా తల దించుకుంది.

"నేనేనండీ, నేనే! పద్మావతీ, చూశావా, ఇన్నేళ్ళకి నన్ను వెతుక్కుంటూ పాఠకులొచ్చారు! కూర్చోండమ్మా, కూర్చోండి. ఎక్కడినుంచి వచ్చారు? కల్లూరా? ఆ పక్క మనకి బాగా అభిమానులుండేవారు."

ఆయన భార్య పద్మావతమ్మ వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. అడగకుండానే ఆయన మంచం కింది ట్రంకుపెట్టె లాగాడు. పులిగోరు మొదటి సంచిక నుంచి చివరిదాకా అందులో ఉంది. కలరా ఉండలు వేసి, వేపాకు పరిచి దాచాడు.

"ఇవన్నీ ఇంకెక్కడా లేవండీ. ప్రెస్సులోనూ లేవు, ఎడిటరు పిల్లల దగ్గరా లేవు. నా దగ్గరే ఉన్నాయి. నా మాస్టర్‌పీసు చూపిస్తానుండండి" అంటూ తనే వెతికి తీసి సుబ్బరత్నం చేతిలో పెట్టాడు.

ఎండ్రిన్ రత్నం. ఇరవై ఏళ్ళు దాటిన పిల్ల తలనిండా పూలతో ఆమె వంక చూస్తోంది. కత్తిరించిన అంచు దగ్గర ఆ పిల్ల భుజం పక్కన ఒక మగవాడి చొక్కా చెయ్యి కొంచెం మిగిలి ఉంది.

సుబ్బరత్నం నేలమీద కూర్చుంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, వేలు అక్షరాల కింద జరుపుతూ పైకి చదవడం మొదలుపెట్టింది.

"ఆమె... నవ్వితే... పత్తిపూలు... విచ్చుకునేవి. ఆమె మనసులో మాత్రం... ఎండ్రిన్ డబ్బా మూత... విచ్చు... విచ్చుకుంటోంది."

"నేను చదివి పెట్టనా?" అన్నాడు చెంచురామయ్య.

"వొద్దు. నేనే సదువుకుంట."

ఆమె చదువుతూ పోయింది. ట్రాక్టర్ డ్రైవరు ఒకడు వచ్చాడు. అర్ధరాత్రి గడ్డివాము వచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఆ రోజుల్లో ట్రాక్టరే లేదు. ఆమె ఆగలేదు. ముఖంలో ఏమీ కనబడలేదు. అవన్నీ ఏదో ఒక రూపంలో ఇదివరకు విన్నవే. రెండో పేజీ చివర మాత్రం వేలు ఆగింది.

"నిత్యం సారా మత్తులో తేలే... నిర్... నిర్వీర్యుడైన భర్త..." అని తలెత్తింది. "నిర్వీర్యుడు అంటే ఏంది?"

చెంచురామయ్య అప్పటికి ఆమె ముఖాన్నీ ఒళ్ళోని బొమ్మనూ మార్చి మార్చి చూస్తున్నాడు. "అంటే... బలం లేనివాడని."

"మగతనం లేనివాడని" అంది గడపలోంచి పద్మావతమ్మ. "రాసినప్పుడు తెలిసిన అర్థం ఇప్పుడెందుకు మార్తారు?"

సుబ్బరత్నం ఆ పదం మీదే వేలు పెట్టి ఉంచింది. ఇన్నేళ్ళూ తన మీద రాశారనే ఆమె కోపం. పోయిన మనిషిని కూడా అందులోకి లాగారని ఆమెతో ఎవరూ అనలేదు. సారా వాసన పడని మనిషి. కూలీలు తాగి వస్తే పొలంలోకి రానిచ్చేవాడు కాదు. కారే పంపు బాగుచేయించుకోమంటే, ఈ ఒక్క దఫాకి నడుస్తదిలే అన్న మనిషి.

"ఆయన నీకేం జేసిండు?" అంది.

"అమ్మా, అది పత్రిక. అప్పట్లో అలాగే రాయాలి. ఉన్నదున్నట్టు రాస్తే ఎడిటరు వేసేవాడు కాదు. మీ బావగారే ఫోటో తెచ్చిచ్చారు, సగం సంగతులు ఆయన చెప్పినవే. కథ అంతా నిజమని నేను అనలేదే..."

"జరిగిన కథ అని మీద రాసి ఉన్నది. పెద్దక్షరాలు. మొదలు గవే సదివిన."

ఆయన చేతులు జోడించాడు. "పొరపాటయింది. ఇటివ్వండి, మీ కళ్ళ ముందే పొయ్యిలో వేస్తాను."

సుబ్బరత్నం పుస్తకం మూసి చంకలో పెట్టుకుని లేచింది.

"కాలవెట్టుడు నీకు సులువు. ఊరి నోట్ల ఉన్నది ఎట్ల కాలవెడ్తవు? నాతోని మా ఊరికి రా. నువ్వే రాసినవని, అబద్ధం రాసినవని జెప్పు."

"ఈ వయసులోనా? నా ఆరోగ్యం..."

"అయితే ఇది నేను తీస్కపోత."

ఆయన గబుక్కున అడ్డం వచ్చాడు. కాల్చేస్తానన్న మనిషే ఇప్పుడు రెండు చేతులూ చాచాడు. "వద్దమ్మా. లోకంలో మిగిలింది ఆ ఒక్క కాపీ!"

"నాకూ గదొక్కటే" అంది సుబ్బరత్నం.

పద్మావతమ్మ ముందుకొచ్చి భర్త చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. ఇద్దరు ఆడవాళ్ళూ వీధిలోకి వచ్చేశారు.

ఇంటికి వచ్చాక సుబ్బరత్నం తాహెరా దగ్గర ఎర్ర పెన్ను అడిగి తీసుకుంది. కథంతా మళ్ళీ చదివింది. అబద్ధమైన ప్రతి వాక్యం పక్కనా, తాహెరా పలకల మీద తప్పులకు గీసినట్టే, ఇంటూ గుర్తు పెట్టింది. పేజీలు ఎర్రబడిపోయాయి. ఊరి పేరు, భర్త పేరు, మజ్జిగ మాత్రం మిగిలాయి.

ఆదివారం పొద్దున బస్సు ఆగేచోట హోటలు ముందు జనం ఉన్నప్పుడు ఆమె వెళ్ళి అదే బెంచీమీద కూర్చుంది. పక్కన తాహెరా, ముత్తక్క నిలబడ్డారు. సుబ్బరత్నం పులిగోరు తెరిచింది.

"ఇది నా మీద రాసింది. ఒకసారి మీరు ఇన్నరు. నేను ఇనలే. ఇయ్యాల నేను సదువుత, మీరు ఇనుండ్రి."

ఒక వాక్యం చదివి, అది ఎందుకు అబద్ధమో చెప్పి, ఇంకో వాక్యానికి పోయింది. ట్రాక్టర్ దగ్గరికి వచ్చినప్పుడు, "ఆ ఏట మన ఊర్ల ట్రాక్టరున్నదా? ఉన్నదన్నోళ్ళు చెయ్యి ఎత్తుండ్రి" అంది. ఒక్క చెయ్యీ లేవలేదు. వెనక ఎవడో కిసుక్కున నవ్వి ఊరుకున్నాడు. అప్పటికి ఎవరో పోయి చెప్పినట్టున్నారు, వెంకటరామారావు వేగంగా నడిచి వచ్చాడు.

"ఆపు. సిగ్గు లేదా?"

"నువ్వు ఇదే బెంచీ మీద కూసొని సదివినవ్ బావా. నీకు రాని సిగ్గు నాకెందుకు?" అని ఆమె చదువుతూ పోయింది. రెండో పేజీ చివరికి వచ్చింది. అక్కడి వాక్యం మొదటినుంచి గట్టిగా చదివింది.

"నిర్వీర్యుడు అంటే మగతనం లేనోడని. నేను అడిగి తెల్సుకున్న. ఇది నీ తమ్ముని గురించి. నువ్వు ఇది సదివినవ్. సదివి గూడ పుస్తకం మూయలే. ఆయన పోయిన్నాడు నాకు మూడో నెల. స్టేషన్‌ల కూసోవెట్టిన దినాలల్ల కడుపు పోయింది."

"అవ్" అంది ముత్తక్క. "నేనే దవాఖానాకు ఎత్తుకపోయిన."

వెంకటరామారావు చుట్టూ చూసి, ఎవరూ తన వైపు చూడడం లేదని గ్రహించి వెనక్కి తిరిగాడు. సుబ్బరత్నం చివరి అక్షరం దాకా చదివి, పుస్తకం మూసి, నీళ్ళు అడిగి తాగింది.

ఊరంతా ఆ ఒక్క పూటలో మారిపోయిందని కాదు. నిప్పు లేకుండా పొగ ఎట్లా వస్తదని గొణిగినవాళ్ళున్నారు. ఆడది బజార్ల కూసొని గసుంటి మాటలు సదువుడేందని అన్నవాళ్ళూ ఉన్నారు. అయితే ఆ సాయంత్రం ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు ఆమె పాకకు వచ్చారు. అందులో ఒకామె వెంకటరామారావు సొంత కోడలు. చాలాసేపు కూర్చుని వెళ్ళారు.

మర్నాడు ఊరి పెద్ద ఒకాయన వచ్చాడు. వెంకటరామారావు పంపితే వచ్చానని దాచకుండా చెప్పాడు.

"అయ్యిందేదో అయ్యింది సుబ్బరత్నం. పోయినోడి మీద గసుంటి మాట ఉన్న పుస్తకం ఊర్ల ఉండుడు మంచిది గాదు. ఇటియ్యి, సింపేద్దం. నిన్ను కూడ ఇగ ఎవ్వలూ ఏమనరు, నాది పూచి."

సుబ్బరత్నం మిరపనారుకు నీళ్ళు పెడుతోంది. చెయ్యి ఆపలేదు.

"ఎవలన్నా అంటే ముందల సదివి అనమను. తాహెరా ఇంటి అరుగు మీద పెడ్త. ఎవలొచ్చినా సదువుకోవచ్చు. మా బావకు గూడ సదువొచ్చు గద, రమ్మను."

"గిది నీకు మంచిది గాదు. ఊరి మాట ఇనవా?"

"పదిహేనేండ్లు ఇన్న. ఇగ సాలు" అంది. "ఈ ఒక్క ఊర్లనే గాదు, కల్లూరుల సదివిండ్రు, ఖమ్మంల సదివిండ్రు, కొత్తగూడెంల గనుల కాడ సదివిండ్రు. ఆ ఊర్లన్నిటికీ నేను పోవాలె గద."

పెద్దాయన నవ్వులాటకు అంటోందనుకున్నాడు. ఆ వారం కల్లూరు బస్టాండులో సోడాల బండి పక్కన నిలబడి ఒకామె పాత పుస్తకం ఏదో పైకి చదువుతోందని, చుట్టూ జనం మూగారని ఎవరో వచ్చి చెప్పేదాకా ఆయన నమ్మలేదు.